పురసేవాపరాయణుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే నామధేయం వినగానే ఉరుములు మెరుపుల నడుమ గాలిపటం ఎగురవేసిన శాస్త్రజ్ఞుడు మన మనోనేత్రం ముందు నిలుస్తాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన రాజనీతిజ్ఞుడుగా, ఫ్రాన్సు దేశంలో రాయబారిగా ఆయన ఆర్జించిన కీర్తి లోకవిదితం. ఆ ఘనకార్యాలను మనమందరమూ పాఠ్యగ్రంథాలలో చదువుకున్నవారమే. ఈ వ్యాసంలో మేము విద్యార్థిలోకానికి పరిచయం చేయదలచినది ఆ ఫ్రాంక్లిన్‌ను కాదు. తన వీధిలోని బురదను గురించి, రాత్రి గస్తీని గురించి, చీకటి దారులను గురించి, నిప్పంటుకున్న పొరుగింటిని గురించి ఏళ్ళ తరబడి ఆలోచించి, ఆ ఆలోచనను ఆచరణలో పెట్టిన ఒక సామాన్య పట్టణవాసిని గురించి వ్రాయ సంకల్పించాము. మేఘంలోని మెరుపు కంటె వీధిలోని దీపం చిన్నదే. కాని రాత్రివేళ ఇల్లు చేరవలసిన బాటసారికి ఏది ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరం జనవరి 17వ తేదీన బోస్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసయ్య కొవ్వొత్తులు, సబ్బు తయారుచేసి జీవించే శ్రమజీవి. ఆయన పదిహేడుగురు సంతానంలో బెంజమిన్ పదిహేనవవాడు. అంతటి కుటుంబంలో చదువుకు వెచ్చించగల ధనం ఎక్కడిది? బాలునికి లభించిన పాఠశాల విద్య రెండేళ్ళు మాత్రమే. పన్నెండవ ఏట అన్నగారి ముద్రణాలయంలో పనివాడుగా కుదిరాడు. అచ్చు అక్షరాలు పేరుస్తూనే దొరికిన ప్రతి గ్రంథాన్నీ చదివాడు. అన్నతో పొసగక, 1723లో పదిహేడేళ్ళ వయసున ఇల్లు వదలి ఫిలడెల్ఫియా చేరాడు. ఆ ఉదయం ఆయన జేబులో ఉన్నది ఒక డాలరు నాణెం, కొద్దిపాటి చిల్లర. మూడు రొట్టెలు కొని, ఒకటి తాను తిని, మిగిలిన రెండింటినీ పడవలో తనతో వచ్చిన ఒక స్త్రీకీ ఆమె బిడ్డకూ ఇచ్చివేశాడు. ఆ నగరానికి ఆయన చేసిన సేవ ఆ రొట్టెలతోనే ప్రారంభమైనదని మేము భావిస్తున్నాము.

ఆనాటి ఫిలడెల్ఫియా నేటి మహానగరం కాదు. విలియం పెన్ 1682లో నెలకొల్పిన ఆ పట్టణంలో 1740 ప్రాంతాన కూడ జనసంఖ్య ఇరవై వేలకు తక్కువే. వానకాలంలో వీధులు బురదగుంటలు, ఎండకాలంలో ధూళిమయాలు. రాత్రి అయితే అంధకారం. ఇళ్ళు పక్కపక్కనే ఉండడం వల్ల ఒకచోట నిప్పు లేచిందంటే వీధి అంతా భయకంపితమయ్యేది. పట్టణానికి పాలక సంఘం లేకపోలేదు. అయితే 1701 నాటి శాసనపత్రం ప్రకారం ఆ సంఘ సభ్యులను ప్రజలు ఎన్నుకునేవారు కారు. ఖాళీ అయిన స్థానాలను ఉన్న సభ్యులే తమకు నచ్చిన వారితో నింపుకునేవారు. పన్నులు విధించే అధికారం కూడ ఆ సంఘానికి అంతంత మాత్రమే. ఇటువంటి చోట పౌరులు తమ కష్టాలు ఎవరితో చెప్పుకోవాలి?

ఈ ప్రశ్నకు ఫ్రాంక్లిన్ చూపిన సమాధానం విశిష్టమైనది. 1727లో ఆయన కొందరు మిత్రులతో జంటో అనే చర్చాగోష్ఠిని స్థాపించాడు. సభ్యులలో అధికులు ఆయనవలెనే చేతిపనితో జీవించేవారు. ప్రతి శుక్రవారం సాయంకాలం వారు సమావేశమై, నీతి, శాస్త్ర విషయాలతోబాటు పట్టణ సమస్యలను కూడ చర్చించేవారు. ఆ గోష్ఠి ఫలితంగానే 1731లో చందాదారుల గ్రంథాలయం వెలసింది. చందాలకై ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఫ్రాంక్లిన్ ఒక సత్యం గ్రహించాడు. ఒక మంచి పనికి తానే కర్తనని చెప్పుకునేవానిని ఇరుగుపొరుగు అనుమానంతో చూస్తారు. ఆ పని వల్ల అతడు తమకంటె ఒక మెట్టు పైకి ఎక్కిపోతాడేమోనని లోలోపల శంకిస్తారు. అది గ్రహించిన తరువాత ఆయన తన పేరును వెనుకకు నెట్టి, ఇది కొందరు మిత్రులు కలసి తలపెట్టిన కార్యమని చెప్పడం అలవరచుకున్నాడు. పని సులభంగా సాగింది. కీర్తిని కాస్త ఆలస్యంగా అందుకోవడానికి సిద్ధపడినవాడే ప్రజాకార్యాన్ని నెరవేర్చగలడనే ఈ పాఠం మన కళాశాల సంఘాలకు కూడ శిరోధార్యం.

1736వ సంవత్సరం నవంబరులో ఆయన నాలుగేళ్ళ కుమారుడు ఫ్రాన్సిస్ మశూచికి బలి అయినాడు. టీకా వేయించకపోయినందుకు ఆ తండ్రి జీవితాంతం పరితపించాడు. మరి మూడు వారాలైనా గడవకముందే, డిసెంబరు 7వ తేదీన, ఆయన తన మిత్రులతో యూనియన్ అగ్నిమాపక సంఘాన్ని నెలకొల్పాడు. గృహంలో ఆరని దుఃఖం, వీధిలో ఆర్పవలసిన అగ్ని! ఆ సంఘంలో ముప్పై మంది చేరారు. ప్రతి సభ్యుడూ నీరు మోయడానికి తోలు బాల్చీలను, సామాను తరలించడానికి గట్టి సంచులను, గంపలను ఎల్లవేళలా సిద్ధంగా ఉంచుకోవాలి. నెలకొకమారు కలసి మంటలార్పే విధానాలను చర్చించాలి. సమావేశానికి రానివారు జరిమానా చెల్లించాలి. ఆ జరిమానాల సొమ్ముతోనే నిచ్చెనలు, కొక్కేలు, నీటి యంత్రాలు కొన్నారు. దీనిని చూచి ఇతరులు కూడ ఇటువంటి సంఘాలను పెట్టుకున్నారు. కొంతకాలానికి ఆస్తి గల గృహస్థులలో అధికభాగం ఏదో ఒక సంఘంలో సభ్యులైనారు.

తరువాత ఆయన దృష్టి రాత్రి గస్తీ మీదికి మళ్ళింది. ప్రతి వార్డులోను కానిస్టేబుల్ కొందరు గృహస్థులను వంతులవారీగా పిలిచి తనతో కాపలా తిప్పాలన్నది నాటి పద్ధతి. రాలేనివారు ఏడాదికి ఆరు షిల్లింగులు చెల్లిస్తే మినహాయింపు. ఆ డబ్బుతో బదులు మనుషులను పెట్టవలసిన కానిస్టేబుళ్ళు, కాస్త మద్యం పోయించి ఊరిలోని పోకిరీలను వెంట తిప్పుకునేవారు. గస్తీ మాట మరచి ఆ రాత్రంతా త్రాగుడుతో గడపడం పరిపాటి. దీనికంటె గొప్ప అన్యాయాన్ని ఫ్రాంక్లిన్ ఎత్తిచూపాడు. యాభై పౌండ్ల ఆస్తి కూడ లేని పేద వితంతువు, గిడ్డంగిలో వేల పౌండ్ల సరకు నిలువచేసిన వర్తకుడు సమానంగా ఆరు షిల్లింగులే చెల్లిస్తున్నారు. కాపలా వలన అధిక ప్రయోజనం పొందేది ఎవరు? కనుక స్థిరమైన జీతంపై యోగ్యులైన కాపలాదారులను నియమించాలనీ, అందుకయ్యే వ్యయాన్ని ఆస్తిని బట్టి వసూలు చేయాలనీ ఆయన ప్రతిపాదించాడు. ఈ ఆలోచనకు వెంటనే ఫలం దక్కలేదు. జంటోలో చదివిన ఆ పత్రం ఇతర గోష్ఠులకు ప్రాకి, ప్రజల మనసులలో నాని, సంవత్సరాలు గడచిన తరువాతనే శాసనరూపం ధరించింది. ప్రజాభిప్రాయమనే నేల దున్నకుండ శాసనమనే విత్తనం మొలకెత్తదని ఆయన ఎరుగును.

1748లో పట్టణ పాలక సంఘం ఆయనను సభ్యునిగా తీసుకున్నది. 1751లో ఆల్డర్మన్ పదవి, అదే సంవత్సరం పెన్సిల్వేనియా శాసనసభా సభ్యత్వం లభించాయి. అంతకుముందు ఆ శాసనసభలో గుమాస్తాగా కూర్చుని, నిస్సారమైన ఉపన్యాసాలు వింటూ, విసుగు తీరడానికి కాగితంపై అంకెల చదరాలు గీసుకున్న వ్యక్తి ఆయన! అందుచేత మాటల కంటె పనికి ప్రాధాన్యమిచ్చాడు. మిత్రుడు డాక్టర్ థామస్ బాండ్ పేద రోగులకై ఆసుపత్రి నెలకొల్పాలని సంకల్పించి, చందాలు రాక సతమతమవుతున్న సమయమది. ప్రజలు రెండువేల పౌండ్లు పోగుచేస్తే ప్రభుత్వం మరి రెండువేలు ఇవ్వాలనే షరతుతో ఫ్రాంక్లిన్ ఒక బిల్లు తెచ్చాడు. తమ ప్రతి పౌండు రెండింతలవుతుందని తెలిసి ప్రజలు ఉత్సాహంతో ముందుకు వచ్చారు. పెన్సిల్వేనియా ఆసుపత్రి ఆ విధంగా అవతరించింది.

ఇక వీధుల సంగతి. ఆయన నివాసానికి చేరువలో జెర్సీ మార్కెట్ ఉండేది. కూరగాయలు, సరకులు కొనవచ్చినవారు బురదలో దిగబడడం ఆయన నిత్యం చూచేవాడు. పత్రికలో వ్రాసి, పదిమందితో మాట్లాడి, కొంతమేర రాళ్ళు పరపించాడు. అయితే బండ్ల చక్రాల వెంట వచ్చిన బురద ఆ రాళ్ళను మళ్ళీ కప్పివేసేది. అప్పుడాయన కష్టజీవి అయిన ఒక పేదవానిని వెదకి, వారానికి రెండుమార్లు వీధి ఊడ్చే ఏర్పాటు చేశాడు. ఒక్కొక్క ఇల్లు నెలకు ఆరు పెన్నీలు ఇవ్వాలి. ఆ స్వల్ప వ్యయంతో ఇళ్ళలోకి మట్టి రాకపోవడం, దుకాణాలకు బేరాలు పెరగడం వంటి లాభాలను వివరిస్తూ కరపత్రం అచ్చువేసి ఇంటింటికీ పంచాడు. అందరూ సమ్మతించారు. శుభ్రమైన ఆ చిన్న వీధిని కళ్ళారా చూచిన పట్టణవాసులకు, అన్ని వీధులూ అలా ఉండాలనే కోరిక, అందుకు పన్ను ఇవ్వాలనే సంసిద్ధత కలిగాయి. 1757లో ఇంగ్లండుకు బయలుదేరే ముందు ఆయన ఆ మేరకు శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టాడు. ఆయన వెళ్ళిన తరువాత అది ఆమోదం పొందింది. పన్ను వేసే పద్ధతిలో చేసిన మార్పు ఆయనకు రుచించకపోయినా, వీధి దీపాలకు కూడ అందులో చోటు దొరకినందుకు సంతోషించాడు.

ఆ దీపాల ఘనత తనదికాదని ఆయన స్పష్టంగా చెప్పుకున్నాడు. తన గుమ్మం ముందు మొదట దీపం పెట్టి దాని ఉపయోగం చాటినవాడు జాన్ క్లిఫ్టన్ అనే పౌరుడు. ఫ్రాంక్లిన్ చేసినది దీపం ఆకారాన్ని చక్కదిద్దడం. లండను నుండి వచ్చిన గుండ్రని గాజు బుడ్డీలకు క్రింద గాలి చొరబడే దారిలేదు. పొగ లోపలే సుడి తిరిగి గాజును మసిబార్చేది. ఒక్క దెబ్బ తగిలితే బుడ్డి మొత్తం పగిలేది. ఆయన నాలుగు చదునైన అద్దాలు అమర్చి, పైన పొగ పోవడానికి గొట్టాన్ని, క్రింద గాలి రావడానికి సన్నని సందులను ఏర్పరచాడు. దీపం తెల్లవారేదాకా కాంతివంతంగా వెలిగేది. పగిలితే ఒక్క అద్దం మార్చుకుంటే చాలు. మెరుపును శోధించిన మేధ కందిలి మసిని తుడవడం చిన్నతనమని తలచలేదు!

మతసామరస్యం విషయంలో కూడ ఆయన దృష్టి ఉదారమైనది. జార్జి విట్‌ఫీల్డ్ అనే క్రైస్తవ బోధకుని ఉపన్యాసాలకు జనం తండోపతండాలుగా వచ్చిన రోజులలో, ప్రజలు చందాలు వేసుకుని ఒక విశాల సభామందిరం నిర్మించారు. ఆ మందిరం ఏ ఒక్క శాఖకూ చెందరాదని, ఏ మతబోధకుడైనా అక్కడ ప్రసంగించవచ్చునని ఏర్పాటు. కాన్‌స్టాంటినోపిల్ ముఫ్తీ ఇస్లాం ధర్మాన్ని ప్రబోధించడానికి దూతను పంపినా, అతనికి సైతం అక్కడ వేదిక లభిస్తుందని ఫ్రాంక్లిన్ తన స్వీయచరిత్రలో సంతృప్తితో పేర్కొన్నాడు. అనంతరం ఆ భవనమే విద్యాలయమై, నేటి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి మూలమైనది. ఆయన పట్టణంలోని క్రైస్తవ ఆలయాలకు విరాళాలిచ్చాడు. 1788లో యూదుల ప్రార్థనామందిరానికి కూడ తన వంతు చందా చెల్లించాడు.

అదే 1788వ సంవత్సరం జులై 4వ తేదీన, నూతన రాజ్యాంగం ఆమోదం పొందిన సందర్భంగా ఫిలడెల్ఫియా వీధులలో మహోత్సవం జరిగింది. సుమారు ఐదువేల మంది ఊరేగింపులో నడిచారు. ప్రతి వృత్తివారూ తమ తమ పతాకాలతో, పనిముట్లతో వచ్చారు. ముద్రాపకులు బండిపై అచ్చుయంత్రాన్ని నిలిపి, నడుస్తూనే గీతాలు అచ్చువేసి పంచారు. వివిధ శాఖల క్రైస్తవ గురువులు, యూదుల మతగురువు చేతిలో చేయి వేసుకుని కలసి నడిచారు. విందులో యూదులకు వారి ధర్మం అనుమతించే ఆహారాన్ని వేరుగా ఒక బల్లపై అమర్చారు. అప్పటికి ఫ్రాంక్లిన్ 82 ఏళ్ళ వృద్ధుడు, వ్యాధిగ్రస్తుడు. కాని ఆ రోజు జనం నడచిన వీధులు, కలసిన మనసులు ఆయన ఎన్నడో నాటిన బీజాల ఫలాలని మా విశ్వాసం.

మహనీయుల లోపాలను కప్పిపుచ్చడం చరిత్రకారుల ధర్మం కాదు. న్యాయాన్యాయాలను అంత సూక్ష్మంగా తూచిన ఈ వ్యక్తి తన ఇంట నల్లజాతి బానిసలను ఉంచుకున్నాడు. తన పత్రికలో బానిసల విక్రయ ప్రకటనలు ప్రచురించాడు. వితంతువు చెల్లించే ఆరు షిల్లింగుల భారం కనిపించిన కంటికి, తన గుమ్మంలోని బానిస బ్రతుకు చాలాకాలం కనిపించలేదు. అయితే ఆయన తన తప్పును వార్ధక్యంలో గుర్తించాడు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడైనాడు. 1790 ఫిబ్రవరిలో, మరణానికి రెండు నెలల ముందు, బానిసత్వాన్ని తొలగించమని అమెరికా కాంగ్రెసుకు విజ్ఞాపన పంపాడు. ఆ విజ్ఞాపన ఫలించలేదు. ఆయన ఆలస్యానికి మూల్యం ఇతరులు చెల్లించారు.

1790 ఏప్రిల్ 17వ తేదీన ఫ్రాంక్లిన్ అస్తమించాడు. అంత్యయాత్రకు సుమారు ఇరవై వేల మంది తరలివచ్చారు. పట్టణంలోని మతగురువులందరూ శవపేటికకు ముందు నడిచారు. ప్రజాసేవకు వేతనం పుచ్చుకోరాదని నమ్మిన ఆయన, తనకు జీతంగా వచ్చిన ధనం నుండి బోస్టన్, ఫిలడెల్ఫియా పట్టణాలకు చెరి వేయి పౌండ్లు వ్రాసిపెట్టాడు. ఆ సొమ్మును వృత్తి నేర్చిన యువకులకు స్వల్ప వడ్డీపై అప్పుగా ఇచ్చి, రెండువందల ఏళ్ళు పెంచాలని కోరాడు. 1990లో గడువు ముగిసేనాటికి బోస్టన్ నిధి నలభై లక్షల డాలర్లకు పైగా, ఫిలడెల్ఫియా నిధి సుమారు ఇరవై లక్షల డాలర్లకు పెరిగాయి.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు రేపు పురపాలక సంఘాలలో సభ్యులు కావచ్చు. పండుగ ఏర్పాట్ల సంఘంలోనో, వీధి బాగోగుల సంఘంలోనో కూర్చోవచ్చు. ఊరేగింపు ఏ దారిన సాగాలి, దీపం ఏ మలుపులో నిలవాలి, పన్ను ఎవరిపై ఎంత పడాలి అనే ప్రశ్నలు ఆనాడు మీ ముందుకు వస్తాయి. అవి చిన్న విషయాలని ఎవరైనా తీసివేస్తే, ఆరు పెన్నీలతో ఊడ్పించిన ఆ వీధిని గుర్తు చేసుకోండి. అధికశ్రమ ఎవరిదో, అధికలాభం ఎవరిదో తూచి చూడండి. పని పూర్తి అయిన నాడు, మొదటి దీపం పెట్టిన వాని పేరు మరువకుండ చెప్పండి. ఇంతకు మించి మేము చెప్పదగినది లేదు.