తంజావూరి రఘునాథ నాయకుడు

క్రీస్తు శకము 17వ శతాబ్ది ప్రారంభమున ఐరోపా ఖండమున కళలు నూతన రూపము దాల్చుచుండెను. పునరుజ్జీవన యుగము ముగియుచు, అలంకారమునకును ఆవేశమునకును పెద్దపీట వేసిన బరోక్ యుగము ఆరంభమగుచుండెను. ఇటలీ దేశమందలి మాంటువా నగరమున 1607లో మాంటెవర్డి కూర్చిన ఓర్ఫియో అను సంగీత నాటకము ప్రదర్శింపబడెను. రోము నగరమున సెయింట్ పీటర్స్ దేవాలయమునకు 1626లో ప్రతిష్ఠ జరిగెను. ఆ దినములయందే కావేరీ తీరమున ఒక తెలుగు ప్రభువు కవియై, వైణికుడై, వీరుడై, తమిళ దేశమున తెలుగు సరస్వతికి కొలువుకూటము నిర్మించుచుండెను. ఆయనయే తంజావూరి రఘునాథ నాయకుడు.

తంజావూరి నాయక రాజ్యము విజయనగర మహావృక్షమునకు పుట్టిన కొమ్మ. అచ్యుతదేవరాయల కాలమున, 1532 ప్రాంతమున, చెవ్వప్ప నాయకుడు దానిని స్థాపించెను. ఆయన కుమారుడు అచ్యుతప్ప నాయకుడు. అచ్యుతప్ప కుమారుడు రఘునాథుడు. 1565లో రాక్షసితంగడి యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా, పండితులును, గాయకులును, శిల్పులును పలువురు దక్షిణమునకు తరలిపోయిరి. వారిలో ఎందఱికో తంజావూరు నీడనిచ్చెను. చోళుల పెద్దకోవెల నీడన వెలసిన ఆ తమిళ నగరమున రాజభవనపు భాష తెలుగు. అందు తెలుగు పద్యమును సంస్కృత శాస్త్రమును సమముగా ఆదరింపబడుచుండెను. మూడు తరముల నాయకులకు మంత్రిగా నుండిన గోవింద దీక్షితుడు కన్నడ బ్రాహ్మణుడు, సర్వశాస్త్రవేత్త, సంగీత విద్వాంసుడు. అట్టి మహామంత్రి సాహచర్యము రఘునాథునకు బాల్యముననే లభించెను.

1600లో తండ్రి జీవించియుండగనే రఘునాథుడు పాలనా భారమును వహించెను. 1614లో విజయనగర ప్రభువైన వేంకటపతిదేవరాయలు మరణింపగా, ఆయన వారసుడైన శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయడు సకుటుంబముగా సంహరించెను. వెలుగోటి యాచమనాయకుని సాహసమువలన రామదేవుడను బాలుడు మాత్రము బ్రతికి బయటపడెను. మధుర, జింజి నాయకులు జగ్గరాయని పక్షము వహించిరి. బలవంతులైన ఇరుగుపొరుగు రాజులందఱు ఒకవైపు నిలిచినపుడు, దిక్కులేని బాలుని పక్షమున నిలుచుట సులభము కాదు. రఘునాథుడు యాచమనాయకునితో చేతులు కలిపి, ఆ బాలుని పక్షముననే నిలిచెను. 1616-17లో కావేరి ఆనకట్ట చేరువనున్న తోపూరున జరిగిన ఘోర సంగ్రామమున జగ్గరాయడు కూలెను. రామదేవరాయలు సింహాసన మధిష్ఠించెను.

అయినను రఘునాథుని కీర్తికి యుద్ధములకంటె గ్రంథములే ఎక్కువగా దోహదము చేసినవి. వాల్మీకి చరిత్రము, శృంగారసావిత్రి, ద్విపదయందు నలచరిత్రము ఆయన తెలుగు కృతులు. రామాయణమును సయితము ఆయన తెలుగున రచింపబూనెను. ఆయన ఆస్థానమున వెలసిన కావ్యములలో మేటి చేమకూర వేంకటకవి విజయవిలాసము. అర్జునుని తీర్థయాత్రయు, ఉలూచీ చిత్రాంగదా సుభద్రల పరిణయములును అందలి కథ. కథ పాతదే, పద్యపద్యమునను ఏదో యొక చమత్కారము, ఒక శ్లేష, ఒక నుడికారపు మెలిక పాఠకుని ఆకర్షించును. రాతిని సయితము వస్త్రమువలె మడతలు పెట్టించిన బరోక్ శిల్పుల నేర్పును ఎఱిగినవారికి, మాటను ఇన్ని విధముల మలచిన వేంకటకవి ఆ కాలమునకు తగిన కవియే అని తోచును.

ఆ కొలువునకు మఱియొక ప్రత్యేకత కలదు. అచట స్త్రీలు విదుషీమణులై విరాజిల్లిరి. రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయ మహాకావ్యమును రచించి తన ప్రభువు చరిత్రను గానము చేసెను. మధురవాణి ఆయన తెలుగు రామాయణమును సంస్కృత కావ్యముగా సంతరించెను. రాజు తెలుగున వ్రాసినదానిని ఒక స్త్రీ సంస్కృతమునకు మార్చుట ఆ యుగమున అరుదైన విశేషము.

ఇక సంగీతమునకు రఘునాథుడు చేసిన ఉపకారము చిరస్థాయియైనది. పూర్వము వీణపై మెట్లు అన్ని రాగములకును ఒకే తీరున ఉండెడివి కావు. కొన్ని వీణలపై ఒక రాగము ముగించి వేఱొక రాగము ఎత్తుకొనవలెనన్న వైణికుడు మెట్లను జరుపుకొనవలసియుండెను. అన్ని రాగములకును చాలునట్లు మెట్లను స్థిరపఱచు యోచన 1550లో స్వరమేళకళానిధిని రచించిన రామామాత్యుని గ్రంథముననే కానవచ్చును. తంజావూరున ఆ యోచన పరిపక్వమయ్యెను. స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరువదినాలుగు మెట్లను మైనముతో స్థిరముగా నిలిపి, వాద్యమునకు నేటి రూపమిచ్చిన ఘనత రఘునాథునిదే అని సంగీతజ్ఞుల సంప్రదాయము. పలికించుటకు నాలుగు తీగెలు, తాళమునకు మూడు తీగెలు, పనసకఱ్ఱ కాయ, చివర యాళి ముఖము గల ఆ వీణ నేటికిని తంజావూరి వీణయే. ఆ రోజులలో ఐరోపా వైణికులు వాయించిన లూట్ వాద్యమునకు మెట్లు నరముతో కట్టినవి, వానిని జరుపుకొనవచ్చును. స్వరస్థానములను నిర్ణయించు సమస్య ఇరు లోకములకును ఒకటే; దానిని పరిష్కరించుకొనిన మార్గములు వేఱు.

రఘునాథుని పేర సంగీతసుధ అను సంస్కృత లక్షణగ్రంథము కలదు. అది తన తండ్రియైన గోవింద దీక్షితుని రచన అని వేంకటమఖి చెప్పెను. గ్రంథము ఎవరిదైనను, అది పుట్టిన ఆస్థానము రఘునాథునిదే. జయంతసేనరాగమును, రామానంద తాళమును ఆయన కల్పించెనని ప్రతీతి. పండ్రెండు స్వరస్థానములు వీణపై కన్నులకు కట్టినట్లు నిలిచిన పిమ్మట, వానిని లెక్కింపగల బుద్ధికి త్రోవ తెఱచుకొనెను. రి, గ కలయికలు ఆఱు. ద, ని కలయికలు ఆఱు. వానిని హెచ్చింప ముప్పదియాఱు. శుద్ధ మధ్యమముతో ఒకసారి, ప్రతి మధ్యమముతో ఒకసారి కూర్ప డెబ్బదిరెండు. ఈ లెక్కను వేంకటమఖి రఘునాథుని కుమారుడైన విజయరాఘవ నాయకుని కాలమున చతుర్దండిప్రకాశికయందు గ్రంథస్థము చేసెను. కర్ణాటక సంగీతమునకు నేటికిని వెన్నెముకగా నున్న మేళకర్త పద్ధతికి అదియే పునాది.

వాస్తుశిల్పములయందును ఆ కాలము వెనుకబడలేదు. కుంభకోణమున రఘునాథుడు నిర్మించిన రామస్వామి దేవాలయమున సీతారాములు ఒకే పీఠముపై పట్టాభిషేక వేషమున ఆసీనులై దర్శనమిత్తురు. మండప స్తంభములు ఆపాదమస్తకము శిల్పములతో నిండియున్నవి. అచటి హనుమంతుని చేత వీణ కలదు. రామభక్తియు వీణాభక్తియు ఆ ప్రభువునకు వేఱువేఱు కావనుటకు అంతకంటె నిదర్శనము వేఱొకటి అక్కఱలేదు. ఆ నగరమందలి మహామఖ తటాకము చుట్టునున్న పదునాఱు మండపములు గోవింద దీక్షితుని నిర్మాణములని ప్రసిద్ధి.

ఇట్లు కళలతో కళకళలాడిన రాజ్యమునకు సముద్రము వైపున చిక్కు కలదు. నాగపట్టణమున పోర్చుగీసువారు పాతుకొనియుండిరి. 1619లో వారు యాళ్పాణమును ఆక్రమింపగా, రఘునాథుడు పంపిన సేనలు వారిని వెడలగొట్టలేకపోయినవి. సరిగా ఆ సమయమున డెన్మార్కు దేశపు ఓడలు వచ్చెను. 1616లో స్థాపింపబడిన డేనిష్ వర్తక సంఘము తరఫున ముందుగా వచ్చిన క్రాపె ఓడను పోర్చుగీసువారు కారైకాలు చేరువ ముంచివేసిరి. బ్రతికి బయటపడిన క్రాపె నాయకుని కొలువు చేరెను. నౌకాధిపతి ఓవె గెడ్డె పిదప వచ్చి కలిసికొనెను. 1620 నవంబరులో సంధి కుదిరెను. తరంగంబాడి అను చిన్న పల్లెయందు కోట కట్టుకొనుటకు డేనులకు అనుమతి లభించెను. ఆ కోటయే డాన్స్‌బోర్గ్. ఆ సందర్భమున డెన్మార్కు రాజునకు పంపబడిన తమిళ బంగారు రేకు లేఖ కోపెన్‌హాగెన్ నగరమున నేటికిని భద్రముగా నున్నది.

ఆ లేఖ నందుకొనిన నాలుగవ క్రిస్టియన్ రాజును కళాప్రియుడే. జాన్ డౌలండ్ వంటి లూట్ విద్వాంసుడు 1598 నుండి 1606 వరకు ఆయన కొలువున నుండెను. ఆయన కట్టించిన రోజెన్‌బోర్గ్ ప్రాసాదమున క్రింది గదిలో వాయించెడి వారి సంగీతము రహస్య నాళములద్వారా రాజు గదికి వినిపించెడిది. వర్తకులకై ఆయన కట్టించిన బోర్సెన్ భవనపు శిఖరము పెనవేసికొనిన డ్రాగన్ తోకల ఆకారముతో నాలుగు వందల ఏండ్లు నిలిచి, 2024 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతి అయ్యెను. ఇట్టి ఇరువురు ప్రభువుల నడుమ నడచినది సంగీతము కాదు, మిరియాల బేరము!

ఆ బేరపు ఫలితము ఈ దీవులనుకూడ తాకెను. తరంగంబాడి నుండి బయలుదేరిన డేనులు 1756 జనవరిలో నికోబారు దీవులను తమవిగా ప్రకటించి, తమ రాజు పేర ఫ్రెడరిక్ దీవులని పిలిచిరి. 1768లో నాన్‌కౌరియందు మొరేవియన్ మతబోధకులు నివాస మేర్పఱచుకొనిరి. జ్వరములు వారిని పలుమాఱు బలిగొనగా 1787లో ఆ ప్రయత్నము ముగిసెను. తరంగంబాడి 1845లోను, నికోబారులపై హక్కు 1868లోను ఆంగ్లేయుల పరమయ్యెను. పోర్చుగీసువారికి పోటీగా మఱియొక వర్తకుని నిలుపుట రఘునాథుని కాలమున రాజనీతియే. కాని ఆ పల్లె వాకిట తెఱచిన తలుపు ఎంతదూరము దారితీయునో అప్పుడు ఎవ్వరును ఎఱుగరు.

1634లో రఘునాథుడు స్వర్గస్థుడయ్యెను. నలువదియేండ్లయినను నిండకమునుపే, 1673లో మధుర నాయకుల దాడిలో విజయరాఘవుడు యుద్ధభూమిని కూలి, తంజావూరి నాయక రాజ్యము అంతరించెను. ఖడ్గము నిలిపిన రాజ్యము పోయెను. తరంగంబాడి కోట చేతులు మాఱెను. కాని తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు సయితము తెలుగు యక్షగానములను ఆదరించిరి. తిరువయ్యారున త్యాగరాజు తెలుగుననే పాడెను. నాయకుల పుస్తక భాండారము పెరిగి సరస్వతీ మహలు అయ్యెను. పుట్టిన నేలకు దూరమైన భాష తన సంగీతమువలనను గ్రంథములవలనను పరాయి సీమయందు వేరూనగలదనుటకు రఘునాథుని జీవితము సాక్ష్యము. సముద్రమధ్యమున నివసించు తెలుగువారి ఇండ్లలో ఒక బాలిక వీణ ముందిడుకొని సరళీ స్వరములు ఆరంభించినపుడు, ఆమె వ్రేళ్లు తాకునది ఆ తెలుగు ప్రభువు నిలిపిన మెట్లనే.