ఆర్కిడ్ రాజు ఫ్రెడరిక్ శాండర్

మన భాషలో ‘వేలంవెర్రి’ అని ఒక మాట ఉంది. నలుగురూ ఎగబడుతున్నారు గనుక మనమూ ఎగబడటమని దాని అర్థం. ఈ మాటకు అక్షరాలా ఉదాహరణ కావాలంటే, పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో లండన్ నగరంలో జరిగిన ఆర్కిడ్ వేలంపాటలు చూడాలి. ఎండిన వేళ్లతో, ముడుచుకుపోయిన ఆకులతో ఓడ దిగిన ఒక మొక్క కోసం ప్రభువులూ, బ్యాంకుల యజమానులూ పోటీపడి గినీలు కుమ్మరించేవారు. పువ్వు ఎలా ఉండబోతోందో ఒక్కోసారి కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఆ వెర్రిని పెంచి పోషించి, దానితోనే ‘ఆర్కిడ్ రాజు’ అని పేరు తెచ్చుకున్నవాడు ఫ్రెడరిక్ శాండర్.

ఆర్కిడ్ అనగానే అదేదో పరాయి పువ్వు, మనకెందుకులే అనుకోనక్కరలేదు. మన మామిడి తోపుల్లో కొమ్మను కరచుకుని పెరిగే వాండా కూడా ఆర్కిడే. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర, కోరమాండల్ తీరపు మొక్కల మీద తాను రాసిన గ్రంథంలో 1795లోనే దానిని బొమ్మతో సహా వర్ణించాడు. చాలామంది దీన్ని బదనికతో కలిపేస్తారు గాని, ఇది చెట్టు రసం తాగదు. కూర్చోవడానికి కొమ్మ మీద కాస్త చోటు మాత్రమే అడుగుతుంది.

శాండర్ 1847లో జర్మనీలోని బ్రెమెన్‌లో పుట్టాడు. ఆస్తిపాస్తులేవీ లేవు. తోటపని ఒక్కటే చేతనైన విద్య. ఇరవై ఏళ్లయినా నిండకుండానే ఇంగ్లండు చేరి, లండన్ శివార్లలోని ఒక విత్తనాల కంపెనీలో పనికి కుదిరాడు. అక్కడే అతని జీవితాన్ని మలుపు తిప్పిన మనిషి తారసపడ్డాడు. ఆయన పేరు బెనెడిక్ట్ రోజ్ల్, చెక్ దేశస్థుడు. అమెరికా ఖండపు అడవులన్నీ కాలినడకన గాలించి ఆర్కిడ్‌లు సేకరించినవాడు. నార తీసే యంత్రాన్ని తానే తయారుచేసి, 1868లో హవానాలో నలుగురికీ చూపిస్తూ అందులో చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ చేతికి ఇనుప కొక్కెం తగిలించుకుని మళ్లీ అడవుల బాట పట్టిన మొండిఘటం. మొక్కలు తేవడం రోజ్ల్‌కు తెలుసు, అమ్మడం శాండర్‌కు తెలుసు. ఇద్దరికీ జత కుదిరింది.

పెళ్లయ్యాక శాండర్ లండన్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్‌లో విత్తనాల దుకాణం పెట్టాడు. రోజ్ల్ పంపే ఆర్కిడ్ పెట్టెలు రావడం మొదలయ్యేసరికి విత్తనాల వ్యాపారం వెనకబడిపోయింది. 1880ల తొలి రోజుల్లో అదే ఊళ్లో నాలుగెకరాల మేర నర్సరీ కట్టాడు. సుమారు అరవై గాజు ఇళ్లు వెలిశాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో దేశపు వాతావరణం. ఒకచోట బర్మా ఉక్కపోత, మరోచోట ఆండీస్ కొండల చలి. ఒక దశలో ఇరవై మందికి పైగా వేటగాళ్లు ఆయన తరపున ప్రపంచమంతటా తిరుగుతుండేవారు. తరవాత అమెరికాలో ఒక శాఖ, 1894లో బెల్జియంలోని బ్రూజ్‌లో మరో నర్సరీ వచ్చాయి. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి మనిషి ఎత్తును మించిన ఆర్కిడ్ పూలగుచ్ఛం కట్టి సమర్పించాడు. తోటమాలిగా బయలుదేరిన కుర్రవాడు రాజాస్థానపు ఆర్కిడ్ పెంపకందారు అయ్యాడన్నమాట!

ఇంతవరకు ఇది కష్టపడి పైకొచ్చినవాడి కథ. అసలు ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఆ గాజు ఇళ్ల వైభవానికి ఖరీదు కట్టినది ఎవరు?

మొదట కట్టినవారు వేటగాళ్లు. విల్హెల్మ్ మిఖోలిట్జ్ అనే సేకర్త న్యూగినీ వైపు దీవుల్లో నానా అగచాట్లు పడి డెండ్రోబియం మొక్కలు ఓడకెక్కించాడు. దారిలో ఓడ తగలబడి సరుకంతా బూడిదైంది. ఏం చెయ్యమంటారని తంతి కొట్టాడు. తిరిగి వెళ్లి మళ్లీ సేకరించమని శాండర్ జవాబు. వానలు పట్టుకున్నాయని మొరపెట్టుకున్నా, వెళ్లమనే మళ్లీ తంతి వచ్చింది. పాపం, వెళ్లాడు. ఈసారి మొక్కలు దొరికిన చోటు అక్కడివారు తమ పెద్దల ఎముకలను ఉంచే శ్మశానం. అలా వచ్చిన మొక్కల్లో ఒకటి 1891లో లండన్ వేలానికి మనిషి పుర్రెను అంటిపెట్టుకునే వచ్చింది. జనం ముక్కున వేలేసుకున్నారు గాని, పాట మాత్రం ఆగలేదు. జ్వరాలకూ, నదులకూ, కత్తిపోట్లకూ ఆ కాలంలో బలైన ఆర్కిడ్ వేటగాళ్లు ఎందరో.

తరవాత ఖరీదు కట్టినవి అడవులు. మిల్లికన్ అనే మరో వేటగాడు 1891లో తన యాత్రలను పుస్తకంగా వేశాడు. కొలంబియాలో రెండు నెలల పనిలో సుమారు పదివేల మొక్కల కోసం నాలుగువేల చెట్లు నరికించామని అందులో లెక్క చెప్పాడు. కొమ్మ మీది పువ్వు కోసం చెట్టునే కూల్చడం! ఓడల్లో కుళ్లిపోయినవి కుళ్లిపోగా బతికినవి కొన్నే. పోటీదారుకు తెలియకూడదని వ్యాపారులు మొక్క దొరికిన చోటు దాచేవారు, లేదా తప్పు చెప్పేవారు. 1888లో శాస్త్రజ్ఞుల ఎదుటికి వచ్చిన రాత్స్‌చైల్డ్ పాఫియోపెడిలం స్వస్థలం బోర్నియోలోని కినబాలు పర్వతమైతే, న్యూగినీ అని ప్రచారమైంది. అడవిలో దాన్ని తిరిగి చూసేసరికి 1959 వచ్చింది. శాండర్ పేరే పెట్టుకున్న మరో పాఫియోపెడిలం సంగతీ అంతే. పూరేకులు మూడడుగుల దాకా జడల్లా వేలాడే ఆ పువ్వు 1885లో దొరికి, ఆ తరవాత కనుమరుగై, 1978లో బోర్నియోలోని ములు అడవుల్లో మళ్లీ కనబడింది. నేటికీ ఆర్కిడ్‌లు పెంచేవారు కలలు కనేది ఈ రెండింటి కోసమే.

మన హిమాలయాలకు సంబంధించిన ముచ్చట ఒకటి ఉంది. అస్సాం, భూటాన్ వైపు నుంచి వెళ్లి 1857లో ఇంగ్లండులో పూచిన ఫెయిరియానం అనే చిన్న ఆర్కిడ్ క్రమంగా తోటల్లో నశించిపోయింది. దాని చిరునామా ఎవరికీ తెలియదు. తెచ్చినవారికి వెయ్యి పౌన్లు ఇస్తానని శాండర్ ప్రకటించాడు. 1905 ప్రాంతంలో అది భూటాన్ సరిహద్దుల్లో తిరిగి దొరికింది. మొదట వచ్చిన మొక్కలకు బ్రహ్మాండమైన ధర. బుట్టల కొద్దీ రావడం మొదలయ్యాక ఆ ధర కాస్తా నేలకు దిగింది. పువ్వు అదే, అందమూ అదే. జనం డబ్బు పోసింది అందానికి కాదు, పక్కవాడి దగ్గర లేకపోవడానికి!

అయితే శాండర్‌ను ఒట్టి లాభాపేక్ష గల వ్యాపారి అని తీసిపారేస్తే అన్యాయమే అవుతుంది. హెన్రీ మూన్ అనే చిత్రకారుని చేత 192 వర్ణచిత్రాలు వేయించి, 1888 నుంచి 1894 దాకా ‘రైఖెన్‌బాఖియా’ అనే మహాగ్రంథాన్ని నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. దానికోసం చేతి డబ్బు ధారాళంగా పోశాడు. 1906లో సంకర ఆర్కిడ్‌ల వంశావళి ప్రచురించాడు. 1961 నుంచి ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఆ పనిని నడుపుతోంది. ప్రపంచంలో ఎక్కడ కొత్త సంకరం పుట్టినా నమోదయ్యేది ఆ వంశావళిలోనే.

1914లో యుద్ధం వచ్చింది. బ్రూజ్ జర్మన్ల వశమైంది. గాజు ఇళ్లను వెచ్చగా ఉంచే బొగ్గుకు కరువొచ్చింది. రాజులూ ప్రభువులూ ఆర్కిడ్‌లు కొనే రోజులు పోయాయి. 1920 డిసెంబరులో శాండర్ కన్నుమూశాడు.

రెండేళ్లు తిరగకుండానే, 1922లో అమెరికాలో నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సంగతి కనిపెట్టాడు. ఆర్కిడ్ విత్తనం ధూళిలాంటిది. తనలో తిండి నిల్వ ఉండదు గనుక, అడవిలో ఒక శిలీంధ్రం తోడుంటేనే మొలకెత్తుతుంది. చక్కెర, లవణాలు కలిపిన అగర్ మీద వేస్తే, శిలీంధ్రం లేకుండానే సీసాలో మొలకెత్తుతుందని నడ్సన్ నిరూపించాడు. 1960లో ఫ్రాన్సులో మోరెల్ చిగురు కణజాలం నుంచి మొక్కలు తీసే పద్ధతి చూపాడు. నాలుగువేల చెట్లు కూల్చినా తీరని కోరికను ఒక సీసా తీర్చింది. ఈ జ్ఞానం కాస్త ముందు వచ్చి ఉంటే ఎన్ని అడవులు మిగిలేవో, ఎందరు బతికేవారో!

ఇవాళ అడవి ఆర్కిడ్‌ల వ్యాపారంపై అంతర్జాతీయంగా ఆంక్షలున్నాయి. మన వన్యప్రాణి చట్టంలోనూ 1991 సవరణతో పాఫియోపెడిలంలకూ, నీలి వాండాకూ రక్షణ కల్పించారు. అయినా దొంగచాటు వేట పూర్తిగా ఆగలేదు. చట్టం చేతులు కట్టగలదు గాని ఆశకు కళ్లెం వేయలేదు కదా.

బాటనీ టూరుకు వెళ్లిన మనలో ఎవరికైనా ఈసారి కొమ్మ మీద వాండా పూచి కనబడితే, చెయ్యి చాచేముందు శాండర్ గాజు ఇళ్లు ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు. హెర్బేరియం షీటు మీద ఒక నమూనా తగ్గితే మార్కులు కొన్ని పోవచ్చు. కొమ్మ మీద పువ్వు మాత్రం ఉంటుంది, మన తరవాతి బ్యాచివాళ్లు కూడా చూడటానికి.