విలియం ఫ్రూడ్

నౌకాశాస్త్రము నభ్యసించువారందఱికిని ఫ్రూడ్ నామము సుపరిచితము. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుపగోరుచున్నాము.

ఇంగ్లండునందలి డార్టింగ్టన్ గ్రామమున 1810 నవంబరు 28వ తేదీన ఒక క్రైస్తవాచార్యుని గృహమున నీయన జన్మించెను. ఆక్సుఫర్డునందు గణితమున ప్రథమశ్రేణి నుత్తీర్ణుడై, 1837 మొదలు బ్రూనెల్ అను ప్రసిద్ధ ఇంజనీరు క్రింద రైలుమార్గపు పనిలో నుండెను. బ్రూనెల్ గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌకను నిర్మించుచు, అది యలలపై నెట్లూగునో విచారింపుమని యీయనను గోరెను. ఉయ్యాల నూపువాడు దాని లయ నెఱిగి త్రోసినచో నది యంతకంతకు హెచ్చుగా నూగును గదా! అల వచ్చు కాలమును, ఓడ తనంతట నూగు కాలమును ఏకమైనప్పుడే యపాయమని ఫ్రూడ్ 1861లో నిరూపించెను.

కాని యోడను గట్టకమున్నే దాని నడత దెలియుటెట్లు? చిన్న నమూనాలతో దెలియవచ్చునని ఆయన పట్టుదల. అవి పిల్లల యాటవస్తువులని పెద్దలు కొందఱు త్రోసిపుచ్చిరి. 1869లో విద్వత్సంఘమొకటి నిజమైన యోడలనే లాగి పరీక్షింపవలెనని తీర్మానింపగా, ఫ్రూడ్ దాని కంగీకరింపలేదు. సంశయించినవారు మూఢులు కారు. పూర్వపు నమూనాలు తగని వేగమున పరీక్షింపబడి మోసము చేసియుండెను. 3, 6, 12 అడుగుల నమూనాలను నీటిలో లాగి, పొడవు నాలుగింతలైనచో వేగము రెండింతలు కావలెననియు, అప్పుడే యలల తీరు సరిపోవుననియు ఆయన కనుగొనెను. నీటి రాపిడి మాత్రము ఈ సూత్రమునకు లొంగదు. దానిని పలకలతో వేఱుగా గొలిచెను.

1870లో నావికాశాఖ 2,000 పౌనులు మంజూరు చేసెను. ఆ సెప్టెంబరులోనే కాప్టెన్ అను యుద్ధనౌక తుపానులో తలక్రిందులై యించుమించు 480 మంది జలసమాధియైరి. టార్కీలో తన యింటిచెంత 278 అడుగుల తొట్టి గట్టించి, మైనపు నమూనాలతో ఫ్రూడ్ పరీక్షలారంభించెను. గ్రేహౌండ్ అను నిజమైన యోడను సముద్రమున లాగించి చూడగా నమూనా చెప్పిన లెక్కయే నిలిచెను.

నేడు గొలుసులతో లంగరువేసి సముద్రమున నిలుపు తేలుకట్టడములకును ఈ సూత్రమే యాధారము. 2024 జనవరిలో కాకినాడ తీరమునకు దూరముగా బంగాళాఖాతమున నట్టి నౌకనుండియే చమురు తీయ నారంభించిరి. నూఱవవంతు నమూనాకు 30 మీటర్ల యల 30 సెంటీమీటర్లగును; 15 సెకండ్ల కాలము ఒకటిన్నర సెకండగును; తొట్టిలో గొలుసుపై బడిన లాగుడును పదిలక్షలతో హెచ్చింపవలెను. లోతైన సముద్రపు గొలుసు తొట్టిలో నిముడదు గనుక దానిని కుదించి, తక్కినది కంప్యూటరుతో గణింతురు.

1878లో భార్య గతింపగా, మనశ్శాంతికై ఫ్రూడ్ నావికాదళపు టోడపై దక్షిణాఫ్రికాకు బోయెను. 1879 మే 4వ తేదీన సైమన్స్‌టౌనున మరణింపగా, నావికులు సైనికమర్యాదలతో నాయనను పాతిపెట్టిరి. కుమారుడు ఎడ్మండ్ ఆ పరీక్షలను సాగించి, 1886లో హాస్లర్ అనుచోట మఱియొక తొట్టిని నెలకొల్పెను.