కానరాని వెలుగును కనుగొన్న విలియం హెర్షెల్

లోకమున విద్య రెండు విధములుగా లభించును. గురువు నాశ్రయించి పొందునది మొదటిది. ఉదరపోషణమునకై వేఱొక వృత్తి నవలంబించి, తీఱిక వేళల గ్రంథముల నాశ్రయించి సంపాదించునది రెండవది. ఈ రెండవ మార్గమున నడచి ఖగోళశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన మహనీయుడు విలియం హెర్షెల్. ఆయన చేసిన కార్యములలో రెండు మిక్కిలి గణనీయములు. నక్షత్రములు పుట్టు తావులను వెదకుట యొకటి. కంటికి కానరాని వెలుగును కనుగొనుట రెండవది. ఈ రెండును ఒకదాని కొకటి తోడ్పడగల వని ఆయన యెఱుగడు. వానిని కలిపినవారు తరువాతి తరములవారు.

హెర్షెల్ 1738వ సంవత్సరము నవంబరు 15వ తేదీన జర్మనీ దేశమునందలి హానోవరు పట్టణమున జన్మించెను. తండ్రి ఐజాక్ సైనికుల బ్యాండుమేళమున, సన్నాయిని బోలిన ఓబో యను వాద్యమును వాయించువాడు. ఆ యింట ధనమునకు కొఱత యుండెను గాని సంగీతమునకు లేదు. కుమారుడును చిన్నతనముననే ఆ మేళమున చేరెను. 1757లో ఫ్రెంచి సేనలు హానోవరు నాక్రమింపగా, పందొమ్మిదవ యేట నున్న ఆ యువకుడు ఇంగ్లండు దేశమునకు పోయి, సంగీతప్రతులకు నకళ్లు వ్రాసి, పాఠములు చెప్పి పొట్టపోసికొనెను. 1766లో బాత్ నగరమునందలి యొక ప్రార్థనామందిరమున ఆర్గను వాద్యకారుడుగా నియమింపబడెను.

సంగీతశాస్త్రమును లోతుగా తెలిసికొనగోరి ఆయన రాబర్ట్ స్మిత్ అను పండితుడు స్వరముల పొందికను గూర్చి రచించిన గ్రంథమును చదివెను. పిమ్మట ఆ పండితుడే కాంతిని గూర్చి రచించిన మఱియొక గ్రంథమును చేపట్టెను. అందు దూరదర్శినులను నిర్మించు విధము వివరింపబడి యుండెను. ఒక పుస్తకము మఱియొక పుస్తకమునకు దారి చూపగా వాద్యకారుని దృష్టి ఆకాశమువైపు మరలెను. మంచి దూరదర్శినిని కొనుటకు తగిన ధనము లేక, 1773లో తానే నిర్మింప దొరకొనెను. రాగిని తగరముతో కరగించి పోతపోసి, ఆ బిళ్ల దర్పణమగువఱకు చేతితో మెఱుగుపెట్టవలెను. నడుమ చేయి తీసినచో పని చెడును. ఒకమాఱు పదునాఱు గంటలు ఆయన చేయి తీయలేదట. చెల్లెలు కెరోలిన్ ముద్దలు చేసి నోటి కందించెను.

ఈ చెల్లెలి సంగతి చెప్పక హెర్షెల్ చరిత్ర పూర్తికాదు. పదియేండ్ల ప్రాయమున వచ్చిన విషజ్వరము వలన ఆమె నాలుగడుగులకు మించి అంతగా ఎదుగలేదు. తల్లి ఆమెను ఇంటిచాకిరికే పరిమితము చేయదలచెను. 1772లో అన్న ఆమెను బాత్ నగరమునకు కొనివచ్చి గానము నేర్పెను. ఆమె మంచి గాయని యని పేరు పొందుచుండగా అన్న చుక్కలలోకమున పడెను. ఆమెయు తన గానమును విడిచి అతని వెంట నడచెను. శీతకాలపు రాత్రుల అన్న దూరదర్శినియొద్ద నుండి పలుకగా ఆమె వ్రాసికొనుచు, పగటివేళ ఆ లెక్కలను సరిచూచుచుండెను. స్వయముగా ఎనిమిది తోకచుక్కలను కనుగొనెను. 1787లో రాజు ఆమెకు సంవత్సరమునకు 50 పౌనుల వేతన మేర్పఱచెను.

1774 మార్చి మాసమున హెర్షెల్ తన దూరదర్శినితో చూచిన వానిలో మొదటిది, మన ఆరుద్ర నక్షత్రమున్న మండలములో, వరుసగా నిలిచిన మూడు చుక్కలకు దక్షిణముగా మసకగా తోచు మంచుతునుక వంటి వెలుగు. ఇట్టి వెలుగులను నీహారిక లందురు. 1781 మార్చి 13వ తేదీ రాత్రి తన యింటి పెరటినుండి చూచుచు యురేనస్ గ్రహమును కనుగొనెను. అంతవఱకు మానవు లెఱిగిన గ్రహములలో శనియే కడపటిది. మఱుసటి యేట మూడవ జార్జి రాజు సాలీనా 200 పౌనుల వేతన మీయగా సంగీతవృత్తిని విడిచి, రాత్రులన్నియు ఆకాశమునకే అర్పించెను. అన్నాచెల్లెండ్రు ఇరువదియేండ్లు శ్రమించి రమారమి 2,500 నీహారికలను, నక్షత్రగుచ్ఛములను పట్టికలలో చేర్చిరి.

నీహారికలన్నియు దూరమున నున్న చుక్కల గుంపులే యని ఆయన మొదట తలచెను. 1790లో ఒక చుక్క చుట్టును వెలుగుపొర క్రమ్మియుండుట చూచి ఆ యభిప్రాయమును మార్చుకొనెను. నీహారికలలో కొన్ని నిజముగా పలుచని పదార్థమే యనియు, అది క్రమముగా కుదించుకొని నక్షత్ర మగు ననియు 1811 నాటికి విపులముగా ప్రతిపాదించెను. 1790లో చూచిన చుక్క పుట్టుచున్నది కాక అవసానదశయం దున్న దని నేడు తెలియును. సాక్ష్యము తప్పినను సిద్ధాంతము నిలిచెను.

ఇక రెండవ కార్యము. సూర్యుని చూచుటకు రంగుటద్దములను వాడుచుండగా, కొన్నిట వెలుగు తక్కువయైనను వేడిమి హెచ్చుగా తోచుట ఆయన గమనించెను. ఏ రంగు ఎంత వేడిమిని తెచ్చునో కొలువ నెంచి, 1800లో సూర్యకిరణమును గాజుపట్టకము గుండ పోనిచ్చి రంగులుగా విడదీసెను. బుడ్డి కి నల్లరంగు పూసిన థర్మామీటరును ఒక్కొక్క రంగునం దుంచి, పోల్చిచూచుటకు మఱికొన్నిటిని వెలుగు సోకని చోట నుంచెను. ఊదారంగునుండి ఎఱుపువైపు పోవుకొలది వేడిమి పెరిగెను. ఎఱుపునకు ఆవల, ఏ వెలుగును లేనిచోట నుంచగా పాదరసము ఇంకను పైకెక్కెను! కంటికి కానరాని కిరణములు కల వని ఆయన నిశ్చయించెను. నేడు పరారుణ కిరణము లనబడునవి ఇవియే.

అయినను మహనీయులకును పొరపాటు తప్పదు. వెలుగును, ఈ వేడికిరణములును వేర్వేఱని ఆయన ఆ యేడు గడువకమునుపే అభిప్రాయపడెను. రెండును ఒక్కజాతివే యని పిమ్మటివారు నిర్ధారించిరి. హెర్షెల్ 1822 ఆగస్టు 25వ తేదీన స్లౌ గ్రామమున కాలధర్మము నొందెను. కెరోలిన్ హానోవరునకు మరలిపోయి, అన్న నీహారికల పట్టికను క్రొత్తగా కూర్చి, 1828లో లండను ఖగోళశాస్త్రసభవారి బంగారుపతకము నంది, 1848 వఱకు జీవించెను.

ఆయన కార్యములు రెండును ఒక్కటిగా కలియుటకు నూఱేండ్లకు పైగా పట్టెను. నక్షత్రములు దట్టమైన ధూళిమేఘముల గర్భమున పుట్టును. మామూలు వెలుగు ఆ ధూళిని దాటలేదు. పరారుణ కిరణములు చాలవఱకు దాటగలవు. 1967లో బెక్లిన్, న్యూగెబవర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు, హెర్షెల్ మొదట చూచిన ఆ నీహారికలోనే, కంటికి కానరాని పసినక్షత్రము నొకదానిని పరారుణమున కనుగొన్నట్లు ప్రకటించిరి.

అంతకుమున్ను 1960లో జార్జి హెర్బిగ్ అను పండితుడు నీహారికలతో కూడియున్న వేడి పసినక్షత్రముల నేఱి పట్టిక వ్రాసెను. సూర్యునికంటె రెండు మొదలు ఎనిమిది రెట్లు బరువుగల ఇట్టి చుక్కల నుండి, చుక్క యొక్కటియే యీయవలసిన దానికంటె హెచ్చుగా పరారుణము వచ్చుచున్న దని పరిశీలనలవలన తేలెను. ఒక రైతు పొలము పంట యెంతో యెఱిగియుండి, అతని గాదెలో అంతకు మించిన ధాన్యము కనబడినచో, అతనికి వేఱొక పొలము కలదని గ్రహింతుము కదా! అట్లే ఈ యధికమైన వేడికి వేఱొక తావుండవలెను. చుక్క చుట్టును తిరుగలిఱాయి వలె పఱచుకొని తిరుగు ధూళిచక్రమే ఆ తావు. చుక్క మంటకు చక్రపు లోపలి యంచు కాగి పరారుణమున వెలుగును. సుమారు 1,200 సెంటిగ్రేడు డిగ్రీలకు మించినచోట ధూళియే ఆవిరియగును. ఇట్టి చక్రములనుండియే గ్రహములు రూపొందును.

పరారుణమునందు పెద్దపాలును గాలిలోని నీటియావిరి మ్రింగివేయును గనుక దూరదర్శినులను అంతరిక్షమునకే పంపవలసివచ్చెను. 1983లో అట్టి దొకటి మన అభిజిత్ నక్షత్రము చుట్టును ధూళి కలదని తెలిపెను. 2009లో ఐరోపావారు పంపిన దూరదర్శిని దర్పణము మూడున్నర మీటర్ల వెడల్పు కలది. అది 2013 వఱకు పనిచేసెను. దానికి వారు పెట్టిన పేరు హెర్షెల్.

తాను కనుగొన్న రెండింటిని హెర్షెల్ కలిపి చూడలేదు. కాని చూచిన దానిని చూచినట్లు, కొలిచిన దానిని కొలిచినట్లు వ్రాసియుంచెను. చెల్లెలు దానిని చక్కగా పదిలపఱచెను. వ్రాసియుంచినది చెడక నిలిచెను గనుకనే, పుట్టనున్నవారు వచ్చి దానిని విప్పి చదివి, ఆయన మిగిల్చిన పనిని నెఱవేర్చిరి. గ్రంథములను సేకరించి భద్రపఱచువారి శ్రమకు ఇంతకంటె సార్థక్య మేమి కావలయును?