శబ్దశిల్పి మసారు ఇబుకా

దారిలో నడుస్తూ, రైలులో ప్రయాణిస్తూ తనకు ప్రియమైన సంగీతాన్ని తానొక్కడే వినగలగడం నేడు అతి సామాన్య విషయం. ఈ వాడుకను లోకవ్యాప్తం చేసిన వాక్‌మన్ యంత్రం జపాన్ దేశపు ఇంజనీరు మసారు ఇబుకా కోరికతో పుట్టింది.

ఇబుకా 1908 ఏప్రిల్ 11న నిక్కో పట్టణంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి తాతగారి పోషణలో పెరిగాడు. 1933లో టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడయ్యాడు. రెండవ ప్రపంచయుద్ధంలో టోక్యో శిథిలమైంది. 1945లో ఆ నగరంలోనే, బాంబుదాడికి దెబ్బతిన్న ఒక దుకాణ భవనపు గదిలో, కొద్దిమంది సహచరులతో రేడియోలు బాగుచేసే కార్ఖానా తెరిచాడు. కొయ్యతొట్టికి అల్యూమినియం రేకులు అమర్చి, విద్యుత్తుతో అన్నం వండే పాత్రను కూడా చేయించాడు. అందులో ఒకనాడు అన్నం మాడేది, మరొకనాడు పలుకుగా మిగిలేది. 1946 మే నెలలో అకియో మోరితాతో కలిసి ఆయన స్థాపించిన సంస్థే 1958లో సోనీ అయింది.

ఆ సంస్థ తొలి టేపురికార్డరు 1950లో వెలువడింది. ప్లాస్టిక్ టేపు దొరకని రోజులవి. అయస్కాంతపు పొడిని పెనంమీద వేయించి, కాగితపు పట్టీకి కుంచెతో పూసేవారు. యంత్రం బరువు ముప్పై కిలోలకు పైమాటే. న్యాయస్థానాలు, పాఠశాలలు తప్ప సామాన్య గృహస్థు దాని జోలికి పోలేదు. 1963లో ఫిలిప్స్ సంస్థ అరచేతిలో ఇమిడే క్యాసెట్టును ప్రవేశపెట్టిన పిదప యంత్రాలు వేగంగా కుదించుకుపోయాయి.

డెబ్బైయేళ్ళు నిండిన ఇబుకా విమానయానాలలో ఒక స్టీరియో రికార్డరును వెంట తీసుకుపోయేవాడు. అది ఆయనకు మోయరాని బరువనిపించింది. పాత్రికేయులు వాడే ప్రెస్‌మన్ అనే చిన్న రికార్డరును స్టీరియోలో వినడానికి మాత్రమే పనికివచ్చేలా మార్చమని కోరాడు. శబ్దాన్ని నమోదుచేసే భాగాన్ని తొలగించి, ఆ చోట స్టీరియో యంత్రాంగాన్ని అమర్చారు. రికార్డు చేయలేని టేపు యంత్రాన్ని ఎవరు కొంటారని సంస్థలోనే పలువురు సందేహించారు. సహజమైన సందేహమే. యంత్రానికి కొత్త సదుపాయాలు చేర్చడాన్నే అభివృద్ధి అనుకునే కాలంలో ఉన్నదానిని తీసివేయడానికి గుండెదిటవు కావాలి.

1979 జూలై 1న 390 గ్రాముల వాక్‌మన్ విపణిలోకి వచ్చింది. ముప్పైవేలు తయారుచేయగా, మొదటి నెలలో అమ్ముడైనవి సుమారు మూడువేలే. ఆగస్టు ముగిసేసరికి ఒక్కటీ మిగలలేదు.

ఒంటరిగా వినడం మర్యాద కాదని మోరితా భావించినందున, తొలి నమూనాలో ఇద్దరు వినేందుకు రెండు రంధ్రాలు, పాట స్వరం తగ్గించి పరస్పరం మాట్లాడుకొనేందుకు ఒక మీట ఉంచారు. మన కనిగిరి వంటి మెట్టప్రాంతపు ఊళ్ళలో ఆ సంకోచం సులభంగా అర్థమవుతుంది. ఇక్కడ టేపురికార్డరు పదిమందీ కలిసి వినే పెట్టె. ఘంటసాల భగవద్గీత మోగినా, హరిశ్చంద్ర నాటక పద్యాలు మోగినా అరుగుమీద కూర్చున్నవారందరూ శ్రోతలే. వాక్‌మన్ ఆ అరుగును ఖాళీ చేసింది. మాట్లాడుకొనే మీట తరువాతి నమూనాలలో కనబడదు. 1983 నాటికి యంత్రం ఇంచుమించు క్యాసెట్టు డబ్బా అంతకు కుదించుకుపోయింది.

ఇబుకా పసిపిల్లల విద్యపై కూడా ఎంతో శ్రద్ధ వహించి గ్రంథరచన చేశాడు. 1997 డిసెంబరు 19న, 89వ ఏట టోక్యోలో మరణించాడు. క్యాసెట్టు వాక్‌మన్ ఆయన తరువాత మరి పదమూడేళ్ళు బ్రతికింది. 2010లో జపాన్‌లో దాని సరఫరాను సోనీ నిలిపివేసింది.