ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు

భరతముని రచించిన నాట్యశాస్త్రం భారతీయ రంగస్థలానికి మూలగ్రంథం. రసమే నాటకానికి ప్రాణమని అది బోధించింది. నాయకుడు కష్టాలను దాటి చివరకు ఫలాన్ని పొందాలని నిర్దేశించింది. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం వంటి వాటిని రంగంపై ప్రత్యక్షంగా చూపరాదని నియమించింది. అందువల్ల సంస్కృత నాటకాలు సాధారణంగా శుభాంతాలుగానే వెలిశాయి. ఆ సంప్రదాయాన్ని గౌరవిస్తూనే తెలుగు నాటకాన్ని కొత్త దారిలో నడిపిన ధీశాలి ధర్మవరం రామకృష్ణమాచార్యులు.

ఆయన 1853లో రాయలసీమలోని ధర్మవరంలో జన్మించారు. సంస్కృతాంధ్రాలలో పాండిత్యం గడించి, బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. వృత్తి న్యాయవాదమైనా ఆయన మనస్సు నాటకంపైనే నిలిచింది. 1886లో సరసవినోదినీ సభను స్థాపించి, మరుసటి సంవత్సరం 'చిత్రనళీయం' ప్రదర్శించారు. రచయిత, ప్రయోక్త, నటుడు కూడా తానే అయి సుమారు 30 నాటకాలను వెలువరించారు. పద్యాలకు తోడు పాటలను చేర్చారు. ఆంగ్ల నాటకాల పద్ధతిలో అంకాలను రంగాలుగా విభజించారు.

ఆయన సాహసానికి గీటురాయి 'విషాద సారంగధర'. సవతితల్లి చిత్రాంగి మోపిన అపనింద వల్ల, రాజరాజనరేంద్రుడు కుమారుడైన సారంగధరుని కాలుసేతులు నరికించాడని కథ. గౌరన 'నవనాథ చరిత్ర'లో సిద్ధుని మహిమతో ఆ రాజకుమారుడు అవయవాలను తిరిగి పొందుతాడు. ఆచార్యులవారు ఆ ఊరటను గ్రహించక, నిర్దోషి కథను విషాదంతోనే ముగించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీనిని పేర్కొంటారు. అయితే ఆయన భరతుని పూర్తిగా విడిచిపెట్టలేదు. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో కరుణం ఒకటి. శుభాంతమనే నియమాన్ని దాటి, ఆ కరుణరసాన్నే తుదివరకు పోషించారు.

1891లో సరసవినోదినీ సభ మద్రాసులో ఇచ్చిన ప్రదర్శనలు పమ్మల్ సంబంధ మొదలియారుకు ప్రేరణ కాగా, తమిళ నాటకరంగంలో సుగుణ విలాస సభ వెలసింది. సుప్రసిద్ధ నటుడు బళ్లారి రాఘవ ఆచార్యులవారి మేనల్లుడే.

'ఆంధ్ర నాటక పితామహుడు'గా ప్రసిద్ధి పొందిన ఆయన 1912లో కీర్తిశేషులయ్యారు. దుర్యోధనుని మరణాన్ని రంగంపైనే చూపిన భాసుని 'ఊరుభంగం' తొలిసారి అచ్చయినది కూడా ఆ సంవత్సరమే. సంస్కృతంలోనూ అటువంటి సాహసి ఒకడున్నాడని లోకం అప్పుడు గ్రహించింది.

సారంగధరుని కథ 1937లోను, 1957లోను తెలుగు చలనచిత్రంగా వచ్చింది. నేడు హైదరాబాదులోని ఫిలింనగర్, జూబ్లీహిల్స్ కేంద్రంగా సాగుతున్న చిత్రరంగంలోనూ కథ శుభంగా ముగియాలా, విషాదంగా ముగియాలా అన్న ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. శాస్త్రం తెలిసినవాడే దానిని అర్థవంతంగా దాటగలడని ఆచార్యులవారి జీవితం చాటుతున్నది.