ఒక్క తలాంతు, ఒక ఫిడేలు

ధ్యాన భాగము: మత్తయి సువార్త 25:14–30

ఒక్క తలాంతు పొందిన దాసుడు భయపడి దానిని భూమిలో దాచిపెట్టిన సంగతి మనమందరము ఎరిగినదే. మన పల్లె సంఘములలోను చూపు మందగించిన బిడ్డను చూచి, వీనివలన ఏమగునని తలిదండ్రులే నిరాశపడి ఇంట కూర్చుండబెట్టుట కలదు. అట్టివారి నిమిత్తము ఈ నెల ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆయన మన సంఘమునకు చెందినవారు కారు. అయినను మంచి వరములన్నిటికిని మూలము దేవుడేయని నమ్ము మనము, ఆయనయొద్ద నేర్చుకొనుటకు వెనుదీయనక్కరలేదు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించి, విశాఖపట్టణములో పెరిగిరి. చూపు సరిగా లేనందున బడిచదువు సాగలేదు. అన్నగారు ఆయనకు ఫిడేలు నేర్పిరి. కన్ను చేయలేని పనిని చెవియు చేయియు చేసెను. బడి విడిచినను సాధన విడువలేదు.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. నాయుడుగారు విద్యార్థిగా చేరవలెనని అక్కడికి వెళ్లగా, ఆయన వాద్యము విన్న పెద్దలు ఉపాధ్యాయ పదవినే ఇచ్చిరని చెప్పుదురు. బడిలో నిలువలేకపోయిన ఆయన 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాలైరి.

ఫిడేలు ఐరోపానుండి వచ్చిన వాద్యము. మన సంగీతములో అది పాడువారి ప్రక్కన కూర్చుండు పక్కవాద్యముగా నుండెను. నాయుడుగారు పాశ్చాత్యుల పద్ధతిని కూడ శ్రద్ధగా పరిశీలించి, కమానును మృదువుగా, దీర్ఘముగా నడిపి, తీగె మనిషి గొంతువలె పలుకునట్లు చేసిరి. 1938లో వేలూరులో, వైద్యము కొరకు మన రాజంపేట ప్రాంతమువారు వెళ్లు ఆ వేలూరులోనే, ఫిడేలే ప్రధానముగా కచేరి చేసిరి. ప్రక్కనుండిన వాద్యము నడుమకు వచ్చెను. 1941లో సంగీత కళానిధి బిరుదము, 1957లో పద్మశ్రీ ఆయనకు లభించెను. తాను నేర్చినది దాచుకొనక కుమార్తె మంగతాయారుగారికిని, అనేక శిష్యులకును నేర్పి, 1964 నవంబరు 25వ తేదీన కన్నుమూసిరి.

ప్రియులారా, ఆయన చూపులోని కొరత తొలగిపోలేదు. ఆ కొరతతోనే ఆయన పని చేసిరి. ఇందులో అన్నగారిని కూడ మనము మరువరాదు. ఆయన తమ్ముని చేతికి పని చూపకపోయినయెడల ఆ తలాంతు మంటిలోనే యుండెడిది. మన యిండ్లలో అట్టి బిడ్డ యున్నాడా? మన ఆరాధనలో హార్మోనియము వాయించువారు, తబల వాయించువారు, వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక స్వరమైనను నేర్పుచున్నారా? లెక్క అడుగు యజమానుడు వచ్చినప్పుడు, దాచిన బిడ్డనుగూర్చి మనము ఏమి చెప్పగలము?

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చినది కొంచెమని మేము పాతిపెట్టకుండ కాపాడుము. బలహీనులలోని వరమును గుర్తించు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.